లోన్ పైన్ దగ్గర ఇసుకలో కనిపించిన గట్ల పురుగు: ట్రాగ్లోడెరస్ కాండై సంగతి

మీ ప్రశ్న పెద్దది కాబట్టి, ఇంకెవరైనా చదివినా అర్థమయ్యేలా ముందు దాన్ని కుదించి రాస్తాను. బే ఏరియా నుంచి కుటుంబంతో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ వైపు క్యాంపింగ్‌కి వెళ్లారు. ఓవెన్స్ లోయలో, ఎండిపోయిన సరస్సు పక్కన ఇసుకలో రాత్రి టార్చ్ వేసుకుని నడుస్తుంటే ఒక నల్లటి పురుగు కనిపించింది. సెంటీమీటరు ఉంటుందేమో, వీపు మీద నిలువునా గట్లున్నాయి. మీ అబ్బాయి దాన్ని చేత్తో పట్టుకున్నాడు. ఫొటో ఐనాచురలిస్ట్‌లో పెడితే యాప్ "ట్రాగ్లోడెరస్" అని ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) దగ్గరే ఆగిపోయింది. కింద ఎవరో "ట్రాగ్లోడెరస్ కాండై అయ్యుండాలి, 2019లో వర్ణించిన జాతి" అని కామెంట్ పెట్టారు. గూగుల్ చేస్తే దాని గురించి రెండు ముక్కలు కూడా దొరకలేదు. ఆయన చెప్పింది నిజమేనా, 2019కి ముందు ఆ పురుగు అసలు లేదా, పిల్లాడు పట్టుకున్నందుకు ఏమైనా అవుతుందా, ఇంటికి తెచ్చి పెంచుకోవచ్చా అని అడిగారు.

ముందు పిల్లాడి సంగతి. ఏమీ కాదు, టెన్షన్ పడకండి. ఇది కుట్టే పురుగు కాదు, విషం ఎక్కించేది అంతకన్నా కాదు. ఇది టెనెబ్రియోనిడే అనే కుటుంబానికి చెందిన పెంకుపురుగు. ఇంగ్లిష్‌లో డార్క్‌లింగ్ బీటిల్స్ అంటారు. ఈ కుటుంబంలో చాలా వాటికి పొట్ట చివర గ్రంథులుంటాయి. విసిగిస్తే వాటిలోంచి బెంజోక్వినోన్లు అనే ఘాటు రసాయనాలు వదులుతాయి. మీ పురుగుకి దగ్గరి చుట్టమైన ఎలియోడెస్‌ని మీరు ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. అమెరికా పడమటి ఎడారుల్లో తల కిందికి దించి, వెనక భాగం గాల్లోకి లేపి నిలబడే నల్ల పురుగు అదే. దాన్ని గట్టిగా పట్టుకుంటే వేళ్ల మీద గోధుమరంగు మరక పడుతుంది, ఆ వాసన సబ్బు పెట్టి కడిగినా కాసేపు వదలదు. ఆ చేత్తో కళ్లు నలుపుకుంటే మంట పుడుతుంది, అంతకుమించి భయమేమీ లేదు. ఎడారిలో ఏ పురుగుని ముట్టుకున్నా చేతులు కడుక్కోమని చెప్పండి, చాలు.

ఇక పేరు సంగతి. నేను బాపట్లలో అగ్రికల్చర్ చదివి, ఇక్కడికొచ్చాక ఒక మ్యూజియంలో చాలా ఏళ్లు పెంకుపురుగుల సొరుగుల దగ్గరే పనిచేశాను. మీ ఫొటో చూశాను. ట్రాగ్లోడెరస్ అనడంలో నాకు అనుమానం లేదు. రెక్కల పెంకు మీద అంత ఎత్తుగా, నిలువునా లేచిన గట్లు, వాటి మధ్య లోతైన పల్లాలు చూడండి. తలకీ రెక్కలకీ నడుమ ఉండే భాగాన్ని ప్రోనోటమ్ అంటారు. అది నున్నగా మెరవకుండా గరుకు గరుగ్గా ఉండి, వెనక వైపుకి వచ్చేసరికి సన్నబడింది. మీ ఫొటోలో కుడివైపు రెండు గట్ల మధ్య ఇసుక రేణువులు ఇరుక్కుని ఉన్నాయి, జూమ్ చేస్తే కనిపిస్తాయి. ఇంకో విషయం కూడా గమనించండి. రెండు రెక్కల పెంకులూ కలిసే మధ్య గీత దగ్గర సందు లేదు. మామూలు పెంకుపురుగు ఎగరాలంటే ఆ పెంకుల్ని విప్పి లోపలి పల్చటి రెక్కల్ని చాపాలి. వీటికి ఆ పెంకులు అతుక్కుపోయి ఉంటాయి, కింద ఎగరడానికి పనికొచ్చే రెక్కలు లేవు. అంటే ఇది పుట్టిన ఇసుకలో నడవాల్సిందే, మరో చోటికి ఎగిరిపోయే దారి లేదు.

ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు కానీ, మీ ప్రశ్నకి అసలు జవాబు ఇందులోనే ఉంది. ట్రాగ్లోడెరస్‌లో జాతి తేల్చాలంటే ముందు అడగాల్సింది "ఎలా ఉంది" అని కాదు, "ఎక్కడ దొరికింది" అని. ఆ కామెంట్ పెట్టినాయన కూడా మీ ఫొటోలో గట్లు లెక్కపెట్టి చెప్పి ఉండరు, మ్యాప్ చూసి చెప్పి ఉంటారు. అలా చెప్పడం తప్పేమీ కాదు. ఎందుకు కాదో తెలియాలంటే కథ కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ ప్రజాతికి పేరు పెట్టింది జాన్ లెకాంట్, 1879లో. ఫిలడెల్ఫియా మనిషి, చదివింది వైద్యం. అమెరికా పెంకుపురుగుల శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ముందు చెప్పుకునే పేరు ఆయనది. ఆయన వర్ణించిన మొదటి జాతి ట్రాగ్లోడెరస్ కాస్టేటస్. 1909లో ఫ్రాంక్ బ్లైస్‌డెల్ ఈ తెగ మొత్తం మీద ఒక లావుపాటి గ్రంథం రాసి, ట్యూబర్‌క్యులేటస్ అనే పేరు చేర్చారు. ఆయన కూడా వైద్యుడే, సర్జరీ పాఠాలు చెప్పేవారు. (ఆ రోజుల్లో పురుగుల మీద పనిచేసిన వాళ్లలో ఎంతమంది డాక్టర్లో! సన్నటి పనిముట్లతో చెయ్యి వణక్కుండా పనిచేయడం వాళ్లకి అలవాటు కాబట్టేమో.) 1940లలో నెవాడాకి చెందిన ఈరా లా రివర్స్ మరి కొన్ని పేర్లు పెట్టారు. ఆ తర్వాత దశాబ్దాల తరబడి ఈ పురుగులు మ్యూజియం సొరుగుల్లో చాలావరకు కాస్టేటస్ అనే ఒక్క పేరు కిందే పడి ఉన్నాయి. ఏ రాష్ట్రంలో ఏ ఇసుకలో గట్ల పురుగు దొరికినా అదే పేరు రాసి సొరుగులో పెట్టేసేవాళ్లు.

2019లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఆండ్రూ జాన్‌స్టన్ ఆ సొరుగులన్నీ మళ్లీ తెరిచి, ప్రజాతి మొత్తాన్ని తిరగరాశారు. ఆ పేపర్ పీర్‌జే అనే ఆన్‌లైన్ జర్నల్‌లో వచ్చింది. ఉచితంగా చదువుకోవచ్చు, బొమ్మలు కూడా బాగుంటాయి. అందులో ఒకేసారి ఆరు కొత్త జాతులు వర్ణించారు. వాటి పేర్లకన్నా చిరునామాలు చూడండి. ఆర్కేనస్ ఉండేది కాలిఫోర్నియా, నెవాడాల్లోని లాహొంటన్ పల్లపు ప్రాంతంలో. కాండై ఉండేది ఓవెన్స్ లోయలో. మేజర్ అరిజోనాలో మొహాక్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల్లో. స్కిల్మనై గ్రేట్ బేసిన్ తూర్పు భాగంలో, మొహావీ ఎడారిలో. వెర్పస్ కొలరాడో పీఠభూమి తూర్పు భాగంలో, వార్నరై అదే పీఠభూమి పడమటి భాగంలో. పాతవి నాలుగు కలిపితే మొత్తం పది. ఇసుక తప్ప మరో చోట బతకని, ఎగరలేని పురుగులు పది జాతులుగా చీలి, ఎవరి ఇసుకలో వాళ్లు ఉండిపోయారన్నమాట.

ఇప్పుడు ఓవెన్స్ లోయని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి, మీరు చూసొచ్చిందే. లోన్ పైన్ ఉన్నది దాదాపు 3,700 అడుగుల ఎత్తులో. పడమటి వైపు తలెత్తితే సియెర్రా నెవాడా, అందులో విట్నీ శిఖరం 14,505 అడుగులు. తూర్పున ఇన్యో, వైట్ కొండలు, వాటిలో వైట్ మౌంటెన్ శిఖరం 14,252 అడుగులు. రెండు గోడల మధ్య సన్నటి పొడవాటి లోయ, అడుగున ఇసుక. సెంటీమీటరు పొడవున్న, రెక్కల్లేని, ఇసుక దాటి బయటికి రాని పురుగు ఈ గోడలెక్కి పక్క లోయలోకి దిగుతుందా? ఏ కాలంలోనూ దిగదు. తరతరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోతూ ఉంటే, పక్క లోయలోని బంధువులతో రాకపోకలు తెగిపోతాయి. చిన్న చిన్న తేడాలు పోగుపడి ఒకనాటికి వేరే జాతి అయిపోతుంది.

జాన్‌స్టన్ డీఎన్ఏ ఆధారంగా ఈ ప్రజాతికి వంశవృక్షం కూడా కట్టారు. ఇప్పుడున్న జాతులన్నిటికీ మూలమైన పూర్వీకులు సుమారు 52 లక్షల ఏళ్ల కిందట ఉండేవని, అవి కొలరాడో పీఠభూమి మీద బతికి ఉంటాయని లెక్క తేలింది. కానీ ఇప్పటి జాతులు విడిపోయింది అంత పాతకాలంలో కాదు, ప్లైస్టోసీన్ నడిమి కాలంలో, అంటే ఏడెనిమిది లక్షల ఏళ్ల నుంచి లక్షా ముప్పై వేల ఏళ్ల కిందటి మధ్య కాలంలో. మంచుయుగాలు వస్తూ పోతూ ఉన్న రోజులవి. ఆ విడిపోవడానికి ముఖ్య కారణాలుగా ఆయన మూడు చోట్లు చూపించారు: ఇందాక చెప్పిన లాహొంటన్ పల్లం, కొలరాడో నది దిగువన ఒకప్పుడు నీళ్లు నిలిచిన బౌస్ ప్రాంతం, గ్రాండ్ కేన్యన్ ఉత్తర అంచున ఉన్న కైబాబ్ పీఠభూమి.

ఈ సరస్సుల విషయం మీద నాకు కొంచెం పిచ్చి, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. ఇప్పుడు నెవాడాలో కారు వేసుకుని గంటల తరబడి పోయినా తడి నేల కనిపించదు. కానీ చివరి మంచుయుగం ముగిసే వేళకి, సుమారు 15 వేల ఏళ్ల కిందట, లాహొంటన్ అనే సరస్సు అక్కడ 22 వేల చదరపు కిలోమీటర్లు ఆక్రమించి ఉండేది. ఇప్పుడు మిగిలిన పిరమిడ్ లేక్, వాకర్ లేక్ దాని ముక్కలే. మీరు నడిచిన ఓవెన్స్ సరస్సు కూడా ఆ కాలంలో నిండి, పొర్లి, దక్షిణాన చైనా లేక్‌లోకి, అక్కడి నుంచి సర్ల్స్ లేక్‌లోకి పారేది. ఇలాంటి సరస్సులు చాలాసార్లు నిండాయి, చాలాసార్లు ఎండాయి. నిండినప్పుడు ఇసుక పురుగులకి దారి మూసుకుపోతుంది, ఒడ్డున చిక్కుకున్నవి చిక్కుకున్నట్టే ఉంటాయి. ఎండినప్పుడు అడుగున ఉన్న ఇసుక గాలికి లేచి కొత్త దిబ్బలు కడుతుంది, కొన్నిచోట్ల కొత్త దారులు తెరుచుకుంటాయి. ఈ పురుగుల చరిత్ర చదవాలంటే ముందు నీళ్ల చరిత్ర చదవాలి. ఎడారి పురుగు కథలో సగం వరదల కథే.

కాబట్టి "2019కి ముందు ఆ పురుగు లేదా" అనే ప్రశ్నకి జవాబు మీకు ఈపాటికే దొరికి ఉంటుంది. అది మనుషులు ఆ ఖండంలో కాలు పెట్టకముందు నుంచీ ఉంది. 2019లో జరిగింది ఏమిటంటే, దానికి చట్టబద్ధమైన పేరొచ్చింది. చట్టబద్ధం అని ఊరికే అనలేదు, జంతువుల పేర్లకి అంతర్జాతీయ నియమావళి ఒకటి ఉంది. కొత్త పేరు చెల్లాలంటే వర్ణన ప్రచురించాలి, మిగతావాటి నుంచి దీన్ని ఎలా వేరు చేయాలో రాయాలి, అన్నిటికన్నా ముఖ్యంగా ఒక్క నమూనాని హోలోటైప్‌గా ఎంచి, అది ఎక్కడ భద్రంగా ఉందో చెప్పాలి. ఇకపై ఎవరికి అనుమానమొచ్చినా ఆ ఒక్క పురుగుతోనే పోల్చుకుంటారు. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే జర్నల్‌లో పేరు పెడితే చెల్లుతుందని 2012 నుంచి నియమం మారింది. అయితే ఆ పేపర్‌ని జూబ్యాంక్ అనే రిజిస్టర్‌లో నమోదు చేయాలి.

సొరుగు లోపల ఇది ఎలా ఉంటుందో చెప్తాను. ఒక పెంకుపురుగు, కుడి రెక్క పెంకులోంచి దిగిన సన్నటి సూది. ట్రాగ్లోడెరస్ లాంటి గట్టి పురుగుకి ఆ సూది దించడం కూడా ఒక పనే, తొందరపడితే వంగిపోతుంది. సూదికి కింద చిటికెన వేలి గోరంత కాగితం ముక్క. దాని మీద రాష్ట్రం, కౌంటీ, ఊరికి ఎన్ని మైళ్లు ఏ దిక్కున, తేదీ, పట్టినవాళ్ల పేరు. దాని కింద ఇంకో ముక్క, ఎవరు ఏ పేరు నిర్ధారించారో. హోలోటైప్ అయితే మామూలుగా ఎర్ర రంగు లేబుల్ ఒకటి అదనంగా ఉంటుంది. లేబుల్ లేని పురుగు నా దృష్టిలో ఎండిన బఠాణీ గింజతో సమానం. ఎంత అందమైనదైనా సరే. "కాలిఫోర్నియా" అని మాత్రమే రాసిన పాత నమూనాలు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కాస్టేటస్ అని ఒకే పేరు కింద పడున్న గుంపులోంచి పది జాతుల్ని విడదీయగలిగారంటే, ఎప్పుడో ఎవరో ఓపిగ్గా ఊరు, దిక్కు, మైళ్లు రాసి పెట్టినందువల్లే. రూపంలో కనిపించే తేడాలకీ, మ్యాప్ మీద చుక్కలకీ, డీఎన్ఏకీ పొంతన కుదిరినప్పుడే కొత్త జాతి అని ధైర్యంగా అనగలం.

ఒక మాట. ఇదేదో అపురూపమైన సంఘటన అనుకోకండి. టెనెబ్రియోనిడే కుటుంబంలో ప్రపంచం మొత్తం మీద 20 వేలకు పైగా జాతులున్నాయి. 2018లో వచ్చిన ఉత్తర అమెరికా కేటలాగ్ ఒక్కదానిలోనే 2,825 జాతుల పేర్లున్నాయి, ఆ కేటలాగ్ రాసినవాళ్లలో జాన్‌స్టన్ కూడా ఒకరు. ఆ మర్నాటి ఏడాదికే ఆయనే ఇంకో ఆరు చేర్చారు. ఈ రంగంలో కొత్త జాతి దొరకడం పెద్ద విశేషం కాదు. కూర్చుని వేరు చేసే మనిషి దొరకడమే కష్టం.

గూగుల్‌లో ఎందుకు దొరకలేదంటే, దొరకడానికి అక్కడ ఉన్నదే కొంచెం. ఒక జాతిని వర్ణించే పేపర్ చేసే పని వేరు. శరీరం ఎలా ఉంటుంది, ఎక్కడ దొరికింది, బంధువులెవరు, ఇంతే. మన వంటింట్లో రవ్వ డబ్బాలో పాకే ఎర్రటి చిన్న పురుగు కూడా ఈ కుటుంబంలోదే, తెలుసా? ట్రిబోలియం కాస్టేనియం దాని పేరు. (బియ్యంలో తొండంతో కనిపించే ముక్కు పురుగు వేరు, అది ఈ కుటుంబం కాదు.) ఆ రవ్వ పురుగు మీద ప్రపంచమంతా ల్యాబుల్లో పనిచేస్తున్నారు, 2008లో దాని జన్యువుల పటం మొత్తం ప్రచురించారు. మనిషి తిండిలో వేలు పెట్టింది కాబట్టి దానికి ఆ గౌరవం దక్కింది. ఓవెన్స్ లోయ ఇసుకలో తన మానాన తాను బతికే పురుగుని ఎవరు పట్టించుకుంటారు? ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ మధ్య ఏ అరుదైన పేరు కొట్టినా ఏదో ఒక పేజీ ప్రత్యక్షమై, అది ఏం తింటుందో, ఎన్ని గుడ్లు పెడుతుందో ధీమాగా చెప్పేస్తోంది. ఒక ప్రజాతి గుణాన్ని ఇంకో ప్రజాతికి అంటగట్టి అల్లిన రాతలవి. కాండై గురించి అలాంటి పేజీ కనిపిస్తే, అందులో పేపర్ ప్రస్తావన ఉందా లేదా చూడండి. లేకపోతే మూసేయండి.

మీ అబ్బాయి యూట్యూబ్‌లో చూశానన్న "పొగమంచు తాగే పురుగు" సంగతి ఇక్కడే చెప్పడం సబబు. అది ఇది కాదు. అది ఆఫ్రికాలో నమీబ్ ఎడారిది. ఒనిమాక్రిస్ ఉంగ్విక్యులారిస్ అనే పురుగు పొగమంచు వచ్చే వేళ ఇసుక దిబ్బ ఎక్కి, తల కిందికి వాల్చి నిలబడుతుందని, ఒంటి మీద చేరిన తడి నోటిలోకి జారుతుందని 1976లో హామిల్టన్, సీలీ రాశారు. 2001లో పార్కర్, లారెన్స్ అనే ఇద్దరు, స్టెనోకారా అనే మరో పురుగు వీపు మీద బుడిపెలు నీటి బొట్లు పట్టడానికే ఉన్నాయని నేచర్ పత్రికలో రాసేసరికి, ప్రపంచమంతా ఆ బుడిపెల వెంట పడింది. నీళ్లు పట్టే వలలు, సీసాలు, ఏవేవో డిజైన్లు వచ్చాయి. 2010లో నార్గార్డ్, డేకీ నాలుగు రకాల పురుగుల్ని పక్కపక్కన పెట్టి పరీక్షించారు. తల వాల్చి మంచు పట్టే అలవాటు కనిపించింది ఒనిమాక్రిస్ ఉంగ్విక్యులారిస్‌కే, స్టెనోకారాకి కాదు. పైగా 2001 పేపర్‌లో పురుగు పేరే తప్పుగా గుర్తించారన్న వాదన కూడా ఉంది. పేరు సరిగ్గా పెట్టడానికి ఇంత రాద్ధాంతం ఎందుకని అడిగేవాళ్లకి నేను చెప్పే ఉదాహరణ ఇదే. పేరు తప్పితే తర్వాత కట్టిందంతా వేరే పురుగు నెత్తిన కట్టినట్టే.

అయితే మీ పురుగుకి మంచు తాగడం రాకపోయినా నీళ్లు పొదుపు చేయడం వచ్చు. ఇందాక రెక్కల పెంకులు అతుక్కుని ఉంటాయని చెప్పాను కదా, ఎడారి టెనెబ్రియోనిడ్లలో ఆ పెంకుల కింద, పొట్టకి పైన, ఒక ఖాళీ గది ఉంటుంది. పొట్ట పక్కన ఉండే గాలి రంధ్రాలు బయటికి కాకుండా ఈ గదిలోకి తెరుచుకుంటాయి. ఊపిరితో పోయే తేమ నేరుగా ఎండలోకి పోకుండా కాస్త ఆగుతుంది. ఎగరడం వదులుకున్నందుకు దక్కిన లాభం అది.

పెంచుకోవడం గురించి. వద్దంటాను. మీ అబ్బాయి ఉత్సాహం నాకు అర్థమైంది, కానీ ఒకే లోయకి పరిమితమైన పురుగుని సరదాకి ఎత్తుకు రావడం నాకు నచ్చదు. చట్టం సంగతి కూడా చూడాలి. పక్కనే ఉన్న డెత్ వ్యాలీ లాంటి నేషనల్ పార్కుల్లో పర్మిట్ లేకుండా పురుగునే కాదు, దేన్నీ తీసుకెళ్లకూడదు. ఓవెన్స్ లోయ అడుగున చాలా భూమి లాస్ ఏంజెలెస్ నగరానిది, కొంత ఫెడరల్ భూమి. ఒక్కోచోట ఒక్కో రూలు. (అరిజోనాలో చాండ్లర్ వైపు ఉన్న మనవాళ్లెవరైనా ఇది చదివి మేజర్ కోసం మొహాక్ డ్యూన్స్‌కి బయల్దేరేలోపు ఒక మాట: ఆ దిబ్బల్లో ఎక్కువ భాగం మిలిటరీ బాంబింగ్ రేంజ్‌లో ఉంది, పర్మిట్ తీసుకోకుండా వెళ్లకండి.) పిల్లాడికి పురుగు పెరిగే తీరు చూడాలనుంటే పెట్ షాపులో మీల్‌వార్మ్స్ డబ్బా కొనివ్వండి. అవి కూడా డార్క్‌లింగ్ పెంకుపురుగు పిల్లలే. ప్లాస్టిక్ డబ్బాలో ఓట్స్ పోసి, తడికి ఒక క్యారెట్ ముక్క వేస్తే చాలు. పురుగు, ప్యూపా, పెద్దది, మూడు దశలూ వేసవి సెలవుల్లో కళ్లముందే చూడొచ్చు. ప్యూపా లోంచి అప్పుడే బయటికొచ్చిన పెంకుపురుగు తెల్లగా మెత్తగా ఉండి, తర్వాత ఎర్రబడి, నల్లబడుతుంది. పిల్లలకి అది చూపించకుండా ఉండకండి.

ఆ లోయలో ఇసుకకి నిలకడ తక్కువ, అది కూడా తెలుసుకోవాలి. 1913లో లాస్ ఏంజెలెస్ నగరం కాలువ తవ్వి ఓవెన్స్ నది నీళ్లు తీసుకుపోయింది. ఆ తర్వాత పది పదిహేనేళ్లలో సరస్సు ఎండిపోయింది. ఎండిన అడుగు నుంచి లేచే దుమ్ము ఊళ్లని ముంచెత్తడంతో, నగరం చివరికి వందల కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి కొన్నిచోట్ల నీళ్లు నిలబెట్టి, కొన్నిచోట్ల కంకర పరిచి, కొన్నిచోట్ల గడ్డి పెంచి ఆ దుమ్ము అణచాల్సి వచ్చింది. ఊళ్లవాళ్ల ఊపిరితిత్తులకి అది కావాల్సిందే. కానీ ఇసుకే ఇల్లైన జీవాలున్నచోట ప్రతి గజం నేల రూపం మారిపోతోందంటే, ఏది ఎక్కడ ఉందో రాసి పెట్టుకోవడం ఇంకా అవసరం అవుతుంది. దిబ్బల మీద బండ్లు తోలే సరదా ఉంటే, దానికని గుర్తులు పెట్టి విడిచిన చోటే తోలండి.

మళ్లీ వెళ్తే ఏం చేయాలి? పొద్దుగూకి వేడి తగ్గాక నడవండి, గాలి లేని రాత్రయితే మేలు. ముందు పురుగు కోసం కాదు, ఇసుక మీద జాడల కోసం చూడండి. టార్చ్‌ని నడుము ఎత్తు నుంచి కాకుండా నేలకి దగ్గరగా, పక్క నుంచి వేస్తే చిన్న చిన్న అడుగుల వరసలు నీడలతో స్పష్టంగా తేలతాయి. వాటి వెంట పోతే పొదల మొదట్లోకి దారి తీస్తాయి. కనిపించాక నిలువుగా పైనుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒకటి, ప్రోనోటమ్‌కి మాత్రం దగ్గరగా ఒకటి తీయండి. ఈ ప్రజాతిలో జాతుల తేడా చూసేటప్పుడు ఆ గరుకుతనం, దాని అంచుల వంపు చాలా పనికొస్తాయి. మీరు పెట్టిన ఫొటోలో ఫ్లాష్ పడి సరిగ్గా ఆ భాగమే తెల్లగా మెరిసిపోయింది. ఫ్లాష్ ఆపి టార్చ్ వెలుగుని ఓ పలచటి తెల్ల కాగితం అడ్డుపెట్టి వేయండి. పక్కన ఒక నాణెం పెడితే సైజు తెలుస్తుంది.

ఇక మీ ఇప్పటి పోస్టుకి నా తీర్పు. ఓవెన్స్ లోయ అడుగు, ఇసుక, ట్రాగ్లోడెరస్ రూపం, ఈ మూడూ కలిశాయి కాబట్టి కాండై అనడానికే నేను మొగ్గుతాను, ప్రోనోటమ్ కనిపించే ఫొటో ఇంకోటి ఉంటే గట్టిగా చెప్తాను. ఒక్క చిక్కు ఉంది. మీరు లొకేషన్‌ని "ఆబ్‌స్క్యూర్డ్" అని పెట్టారు. క్యాంప్ ఎక్కడ వేశారో అందరికీ తెలియకూడదనుకున్నారేమో, అందులో తప్పులేదు. కానీ అలా పెడితే ఐనాచురలిస్ట్ ఆ చుక్కని దాదాపు 20 కిలోమీటర్ల పొడవు వెడల్పులున్న గడిలో ఎక్కడో చోట చూపిస్తుంది. ఓవెన్స్ లోయ అంత సన్నటిది కాబట్టి మీ పురుగు ఇప్పుడు మ్యాప్ మీద ఇన్యో కొండ వాలు మీద కూర్చుని ఉంది. క్యాంపింగ్ అయిపోయింది కదా, సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని "ఓపెన్" చేయండి, లేదంటే కనీసం ఊరికి ఎన్ని మైళ్లు, ఏ దిక్కు, ఇసుక దిబ్బా లేక సరస్సు అంచా అన్నది నోట్స్‌లో రాయండి.